పని చెయ్యని చెవికి సోకు

ఆ మోటార్ల ఫ్యాక్టరీలో ఆమెను సొంత పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె చెవక్క. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం వినడం.

నీళ్ళు తోడే మోటారు తయారై, రంగు వేయించుకుని, పరీక్ష గదికి వస్తుంది. దాన్ని బల్ల మీద బిగించి స్విచ్చి వేస్తారు. చెవక్క మూరెడు పొడవున్న ఇనుపకడ్డీ తీసుకుని, ఒక కొసను లోపల బేరింగు ఉండే చోట పైమూతకు ఆనిస్తుంది. రెండో కొసకు నిమ్మకాయంత చెక్కపిడి ఉంటుంది. దాన్ని చెవికి అదిమి పట్టుకుంటుంది. బేరింగు బాగుంటే పిండి జల్లిస్తున్నట్టు సన్నటి చప్పుడు ఒకటే వస్తుంది. బాగాలేకపోతే ఆ చప్పుడులో ఎక్కడో ఇసుక పలుకు తగులుతుంది. పలుకు లేదని తేలాక పక్కనున్న ఆకుపచ్చ ముద్ర తీసి మోటారు మీద కొడుతుంది. ఆ ముద్ర పడిన మోటారును ఇక ఎవరూ విప్పి చూడరు. నేరుగా చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేస్తారు.

ఈ పనికి యజమాని ఒకసారి ముల్లు ఊగే యంత్రం ఒకటి తెప్పించాడు. యంత్రం బాగుందన్న మోటారును చెవక్క బాగాలేదంది. విప్పి చూస్తే బేరింగులో గుండు ఒకటి పగిలి ఉంది. రెండోసారీ అంతే. మూడోసారి పందెం కాయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఇప్పుడా యంత్రం మీద గుడ్డ కప్పి, ఆ పైన అందరూ భోజనం క్యారియర్లు పెట్టుకుంటున్నారు.

ఇంత పేరున్న చెవక్కకు ఎడమ చెవి వినపడదు. నాలుగేళ్ళ కిందట ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆ చెవిలో వినికిడిని పట్టుకుపోయింది. బొత్తిగా ఏమీ లేదని కాదు. గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఒక మోత మాత్రం మిగిలింది. పరీక్ష గదిలో కూర్చునే మనిషికి రెండు చెవులూ సరిగా ఉండాలన్నది ఫ్యాక్టరీ రూలు. ఏడాదికొకసారి డాక్టరు వచ్చి చెవులకు గొట్టాలు తగిలించి, 'కూత వినపడగానే చెయ్యెత్తండి' అంటాడు. ఎడమ చెవి వంతు వచ్చినప్పుడు చెవక్క ఎదురుగా ఉన్న బీరువా అద్దంలో డాక్టరు వేలు మీట నొక్కడం చూసి చెయ్యెత్తుతుంది. నాలుగేళ్ళూ నూటికి నూరు మార్కులే.

అది మోసమని ఆమె అనుకోలేదు. కుడి చెవి ఉండగా మోటార్లకు వచ్చిన లోటేముంది. కానీ ఎవరికైనా తెలిస్తే ఆ కుర్చీ పోతుంది. కుర్చీ పోతే వైండింగు గదిలో రాగి తీగలు చుట్టుకోవాలి. తీగలు చుట్టే చెవక్క ఏం చెవక్క. ఆ భయంతో మొగుడికి కూడా చెప్పలేదు. అతను స్కూలు బస్సు డ్రైవరు. రోజంతా పిల్లల అరుపులు విని ఇంటికొచ్చాక, పెళ్ళాం రెండోసారి ఏమిటని అడిగితే సంతోషంగా మాట్లాడ్డం మానేసే రకం. కాబట్టి అనుమానం రాలేదు.

నలభై నాలుగో ఏట ఆమెకు చెవి పైభాగాన, ఆ మెత్తటి ఎముక దగ్గర, ఒక చిన్న పుడక కుట్టించుకోవాలనిపించింది. అదీ ఎడమ చెవికే. నాలుగేళ్ళుగా ఏ పనీ చెయ్యకుండా తల పక్కన వేలాడుతోంది కదా, కనీసం అందంగానైనా ఉండమని. ఈ ఆలోచన ఎంత బాగుందో ఎవరికీ చెప్పుకోలేని బాధ ఒకటి. సెలవు రోజు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది.

కళ్ళద్దాల దుకాణం పై అంతస్తులో ఆ గది. గోడలు తెల్లగా ఉన్నాయి. ఎత్తు కుర్చీ ఒకటి, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి దీపం ఒకటి. చెవులు కుట్టే ఆమెకు పాతికేళ్ళుంటాయి. రెండు చెవులకూ కలిపి ఎన్ని పుడకలున్నాయో చెవక్క లెక్కపెట్టబోయి మధ్యలో మానేసింది. ఆమె చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, వెనకనుంచి ఏదో అడిగింది.

గుడ్డ చాటున మాట, అదీ వెనకనుంచి, అదీ ఎడమ పక్కనుంచి. చెవక్కకు ఏమీ అందలేదు. నాలుగేళ్ళ అలవాటు కొద్దీ తల తిప్పి కుడి చెవిని ఆమె ముందుంచింది. ఆ పిల్ల అడిగింది ఏ చెవికి కుట్టమంటారని. సమాధానంగా కుడి చెవి ముందుకొచ్చింది. ఆ పిల్ల చెవిని తుడిచి, సిరా చుక్క పెట్టి, "కదలకండి అక్కా, ఊపిరి వదలండి" అంది. ఈ మాట మాత్రం చక్కగా వినిపించింది, మంచి చెవి పక్కనే కదా. చెవక్క ఊపిరి వదిలింది. తుడుస్తుంటే రెండు చెవులూ చూస్తోందనుకుంది, సూది దిగాక గాని కుట్టేది ఇటేనని తెలియలేదు.

"ఇటు కాదమ్మాయ్" అనబోయింది. అంటే ఎందుకు తిప్పారని అడుగుతుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల అది నొప్పి వల్ల అనుకుని కాగితపు రుమాలు ఇచ్చింది.

జాగ్రత్తలన్నీ ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్ళతో కడగాలి. పుడకను తిప్పకూడదు, లాగకూడదు. ఆ పక్కకు తిరిగి పడుకోకూడదు. మెత్తటి ఎముక కాబట్టి పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది. చెవక్క ఈ కాగితాన్ని నాలుగుసార్లు చదివి, అందులో రాసినవన్నీ ఉల్లంఘించింది. ఆ పుడక చివరికి ఎనిమిది నెలలకు ఒదిగింది, అది వేరే సంగతి. ముందు పదిరోజులు ఆమెను అది తిన్నగా కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

పడక దగ్గరే మొదలైంది. అన్నాళ్ళూ ఆమె మంచి చెవిని దిండులో పెట్టుకుని పడుకునేది. లోకం మీద తలుపు వేసినట్టు నిద్రపట్టేది. ఇప్పుడు మంచి చెవి పైన ఉండాలి. మొగుడి గురక, పై ఇంటివాళ్ళ కుర్చీ ఈడుపు, ఫ్రిజ్ ఆగడం, ఆగిన ఫ్రిజ్ మళ్ళీ మొదలవడం అన్నీ వచ్చి చెవిలో పడేవి. వెల్లకిలా పడుకుంటే మెడ నొప్పి. లేచి కూర్చుంటే చెయ్యి పుడక మీదికే పోయేది. తాకకూడదని తెలుసు. తాకేది. తిప్పకూడదని తెలుసు. కొంచెమే తిప్పేది. పొద్దున్నే లేచి పక్కు కట్టిన చోట ఉప్పునీళ్ళు వేసుకుంటూ, ఇవాళ్టి నుంచి ముట్టుకోనని ఒట్టు పెట్టుకునేది. బస్సెక్కే లోపే ఒట్టు గట్టున పెట్టేది.

ఫ్యాక్టరీలో ఇంకా ఘోరం. చెక్కపిడి చెవి మీద పెడితే పుడక లోపలికి నొక్కుకుని ప్రాణం లేచొచ్చేది. మెత్తటి గుడ్డ చుట్టింది. గుడ్డ చుడితే ఇసుక పలుకు వినపడదు. గుడ్డ తీసి పళ్ళు బిగబట్టి విన్నది. రోజుకు నలభై మోటార్లు. ఇంటికొచ్చేసరికి చెవి ఎర్రగా కందిపోయేది.

ఇంట్లో మొదట పసిగట్టింది అత్తగారు. ఆవిడకు డెబ్భై దాటాయి. చెవుడు. ఆ చెవుడుకు ఆవిడ ఏమాత్రం సిగ్గుపడదు. వచ్చినవాళ్ళందరి చేతా మూడుసార్లు చెప్పించుకుని, మూడోసారి కూడా తనకు తోచిందే అర్థం చేసుకుంటుంది.

"నలభై నాలుగేళ్ళకి సోకు మొదలైందా తల్లీ" అంది ఒకరోజు ఉప్పునీళ్ళ గిన్నె చూసి.

"ఊరికే కుట్టించుకున్నా అత్తయ్యా" అంది చెవక్క, ఆవిడ చెవి దగ్గరకు వంగి.

"కుట్టించుకుంటే కుట్టించుకున్నావ్, బానే ఉంది. పనిచేసే చెవికి ఎందుకు కుట్టించుకున్నావ్?"

చెవక్క చేతిలో దూది కింద పడింది.

"నాకు తెలీదనుకున్నావా అమ్మాయ్. నువ్వు తల తిప్పే తిప్పుడు, నవ్వేసి తప్పించుకునే నవ్వు, గోడవారగా కూర్చునే కూర్చోడం, అన్నీ నేను నీకంటే ముందు చేసినవే. నాలుగేళ్ళ నుంచి చూస్తున్నా. ఎడమపక్క నుంచి నిన్ను రెండుసార్లు తిట్టా కూడా. పలకలేదు నువ్వు."

చెవక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది.

"ఎందుకు చెప్తాను? నువ్వూ చెప్పకు. చెప్పావా, సగంమంది నీ మీద అరుస్తారు, సగంమంది నీతో మాట్లాడ్డం మానేస్తారు. రెండూ నేను పడుతున్నా." ఆవిడ ఇది మామూలుగా, గోరు తీసుకుంటూ చెప్పింది. చెవక్కకు ఆ నాలుగేళ్ళలో తను కూడా అత్తగారితో మాటలు తగ్గించిన సంగతి గుర్తుకొచ్చింది.

తొమ్మిదో రోజుకు పుడక పక్కన బఠాణీ గింజంత బొడిపె లేచింది. చెవి పైభాగమంతా వాచి, తాకితే నిప్పులా ఉంది. కళ్ళద్దాల దుకాణం పైకి మళ్ళీ పరిగెత్తింది. ఆ పిల్ల దీపం దగ్గరకు లాగి చూసి ముఖం చిట్లించింది.

"దేనికి అదుముతున్నారక్కా దీన్ని?"

"ఆఫీసులో... ఫోనుకి."

"అవతలి చెవికి పెట్టుకోండి ఫోను. రెండు నెలలు దీనికి ఏదీ తగలకూడదు. ఇలాగే అదిమితే లోపల ఎముక పాడై చెవి ముడుచుకుపోతుంది. అప్పుడు నా వల్ల కాదు, కోసేవాళ్ళ దగ్గరికి పోవాలి."

"తీసేస్తే?"

"ఇప్పుడు తీస్తే పైన మూసుకుని లోపల చీము కట్టొచ్చు. తీసినా ఈ వాపు తగ్గడానికి మూడు వారాలు. డాక్టరుకి చూపించి మందు వాడండి. మీ చేతుల్ని మాత్రం కొంచెం కట్టేసుకోండి."

వాపుకు చాలేలా పొడుగు పుడక మార్చి పంపించింది. మెట్లు దిగుతూ చెవక్క లెక్క వేసుకుంది. సెలవు పెడితే ఎందుకని అడుగుతారు, డాక్టరు చీటీ అడుగుతారు. ఆ డాక్టరు రెండు చెవులూ చూస్తాడు. పెట్టకపోతే ఒక చెవి ముట్టుకోకూడదు, రెండో చెవి పలకదు.

మర్నాడు పొద్దున ఆమె జీవితంలో మొదటిసారి కడ్డీని ఎడమ చెవికి పెట్టుకుంది. మోటారు తిరుగుతోందని తెలుస్తోంది. అంతకుమించి ఏమీ లేదు. మంచి బేరింగో చెడ్డ బేరింగో, రెండూ గోడ అవతలి గొణుగుడే. అరచెయ్యి ఆనించి చూసింది. అదురు మామూలుగానే ఉన్నట్టుంది. మామూలు కాకపోతే అరచేతికి తెలుస్తుందా? తెలియదు. ఎవరో చూస్తున్నట్టనిపించి ముద్ర తీసి కొట్టేసింది. రెండోది. మూడోది. ప్రతి దానికీ, అలవాటైన మనిషిలా, కాసేపు కళ్ళు మూసుకుని విన్నట్టు నటించింది. నటన ఎంత బాగా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది. అలా ముప్ఫై ఒక్క మోటార్లు. ముప్ఫై రెండో దాని దగ్గర తలనొప్పి అని చెప్పి లేచిపోయింది.

ఆ సాయంత్రం అత్తగారు పెట్టిన అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచింది. ఇల్లంతా కాలుకాలిన పిల్లిలా తిరిగింది. ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టింది. ముప్ఫై ఒక్కట్లో ఒకటి చెడ్డదైతే ఎక్కడో నడి వేసవిలో బిగుసుకుపోతుంది. ఎవరి పొలమో, ఎవరి మేడో, ఏ ఆసుపత్రో. ఎక్కడికి పోతాయో ఆమెకు ఎప్పుడూ తెలియదు. అన్నేళ్ళలో తెలుసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

మర్నాడు తోవ దొరికింది, అదీ అనుకోకుండా. జుట్టు ముడి ఊడిపోతుంటే మళ్ళీ వేసుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి, కడ్డీ పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. కడ్డీ కొస తిరుగుతున్న మోటారుకు తగిలింది. అంతే, తల నిండా చప్పుడు. పిండి జల్లెడ చప్పుడు, స్పష్టంగా, కుడి చెవిలో ఎలా వినేదో అలాగే. జుట్టు వదిలేసి కడ్డీ తీసింది. చప్పుడు పోయింది. మళ్ళీ కరిచింది. మళ్ళీ వచ్చింది. పక్కకు తీసి పెట్టిన చెడ్డ మోటారు ఒకటి ఉంటే దాన్ని బిగించి కరిచి చూసింది. ఇసుక పలుకు పళ్ళ కింద పడ్డంత బాగా తెలిసింది. పళ్ళలోంచి ఎముకల మీదుగా చప్పుడు తిన్నగా మంచి చెవి లోపలికి పోతోంది. బయటి చెవిని ముట్టుకునే పనే లేదు. చెవక్కకు గంతులెయ్యాలనిపించింది.

గదిలో అందరూ నవ్వారు. "చెవక్క కాస్తా పళ్ళక్క అయింది" అన్నాడు మోటార్లు బిగించేవాడు. సూపర్‌వైజరు వచ్చి చూశాడు. ప్రతి పద్దు కిందా స్కేలు పెట్టి గీత గీస్తాడని ఆయనను అందరూ గీతల సార్ అంటారు.

"ఏమిటమ్మా ఈ కొరుకుడు?"

"చెవి కుట్టించుకున్నానండీ. వాచింది. పిడి ఆనట్లేదు."

"ఎడమ చెవి ఉందిగా."

"అలవాటు లేదండీ దానికి." నవ్వేసింది. ఆయనా నవ్వి వెళ్ళిపోయాడు.

అయిపోయింది. గండం గడిచింది. వాపు తగ్గేదాకా పళ్ళతో లాగించొచ్చు, తర్వాత మామూలే. ఇక హాయిగా ఉండాలి. కానీ గోడ అవతల ప్యాకింగు గదిలో నిన్నటి ముప్ఫై ఒకటీ పెట్టెల్లో ఉన్నాయి. సాయంత్రం లారీ వస్తుంది. మంచినీళ్ళకని లేచి ఆ గది ముందునుంచి వెళ్ళింది. చేతులు కడుక్కోవడానికని ఇంకోసారి. మూడోసారి ఏ వంకా లేకుండానే వెళ్ళింది. పెట్టెల సందుల్లోంచి ఆకుపచ్చ ముద్రలు కనపడుతున్నాయి. అన్నీ తన ముద్రలే.

మేకులు ఊడదీయించాలంటే గీతల సార్ చీటీ రాయాలి. చీటీలో కారణం అన్న గడి ఒకటి ఉంటుంది. ఏ అబద్ధం రాయించాలా అని చాలాసేపు వెతికింది. వోల్టేజీ సరిగా లేదంటే, సరిగానే ఉందని మీటరు ముల్లు చూపిస్తారు. తలనొప్పి వల్ల వినలేదంటే, మరి ముద్ర ఎందుకు కొట్టావంటారు. ఏ అబద్ధమూ నిలవలేదు. లారీ గేటు దగ్గర హారను కొట్టడం, పంతొమ్మిదేళ్ళుగా అందరికంటే ముందు వినే చెవి కదా, ఆమెకే ముందు వినిపించింది.

గీతల సార్ బల్ల ముందు నిలబడింది.

"నిన్నటివి ముప్ఫై ఒకటి ఆపించండి సార్. నేను వినలేదు వాటిని."

"వినలేదంటే?"

"ఎడమ చెవికి పెట్టుకున్నా. నాకు ఎడమ చెవి వినపడదు. నాలుగేళ్ళయింది."

చెప్పడానికి అంతసేపే పట్టింది. ఆయన చీటీల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. తర్వాత బీరువా అద్దం సంగతి కూడా అడగకుండానే చెప్పేసింది. కారణం గడిలో ఆయన రాస్తుంటే తలకిందులుగా చదివింది. 'పరీక్షకురాలికి ఒక చెవి వినపడదు.' కింద గీత గీశాడు.

"రూలు మీకు తెలుసు కదమ్మా. ఈ కాగితం పైకి పంపాలి. రేపట్నుంచి వైండింగు గది. డాక్టరు చూసి ఏమంటాడో నా చేతిలో లేదు."

"తెలుసండీ."

"ఈ ముప్ఫై ఒకటీ మాత్రం మీ ముద్రలే. మీరే విని వెళ్ళండి."

లారీని ఆపారు. డ్రైవరు విసుక్కున్నాడు. మేకులు ఊడదీసి ఒక్కొక్కటే బల్ల మీదికెక్కించారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చెవక్క పిడిని కరిచి, కళ్ళు మూసుకుని, ఒక్కో మోటారునూ ఎప్పుడూ విననంత సేపు విన్నది. రేపు ఈ కుర్చీలో ఎవరుంటారో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా దవడ బిగిసి చప్పుడు చెదిరేది. మళ్ళీ మొదట్నించి వినేది. పదో మోటారు బాగుంది. ఇరవయ్యోది బాగుంది. ఒకటైనా చెడ్డది దొరికితే బాగుండునని, చేసిన పనికి ఒక అర్థముండేదని, పాతికో దాని దగ్గర ఆమెకు నిజంగా అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడింది. ముప్ఫై ఒకటో దాన్ని రెండుసార్లు విని, పిడి నోట్లోంచి తీసి, చీర కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"అన్నీ బాగున్నాయండీ."

గీతల సార్‌కు నిజంగానే బాధేసింది. గొంతు తగ్గించి, ఆమె కుడిపక్కకు వచ్చి నిలబడి మాట్లాడాడు.

"అనవసరంగా బయటపడ్డారు కదమ్మా. నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"అన్నీ బాగున్నాయని నాకూ తెలిసేది కాదు కదండీ" అంది చెవక్క.